మూడో కథ తర్వాత ఇంటర్వెల్

2022 వానాకాలం. హైటెక్ సిటీ దగ్గర ఒక మల్టీప్లెక్స్‌లో నేను ప్రొజెక్షన్ ఇన్‌చార్జిని. రిటైర్మెంట్ దగ్గర పడింది. ఒక ఆదివారం ఉదయం ఒక్క ఆట వేయడానికి నాలుగు కథల సినిమా ముందుగా వచ్చింది. కులం, హోదా గీసిన గీతల మధ్య బతికే మామూలు మనుషుల కథలవి. తీసింది అనూష అనే కాకినాడ అమ్మాయి.

సినిమా మాకు హార్డ్‌డిస్క్‌లో వస్తుంది. దాన్ని సర్వర్‌లోకి ఎక్కించి ప్లేలిస్ట్ చేస్తాం. అంటే ప్రకటనలు, సినిమా, ఇంటర్వెల్ ఏ వరసలో రావాలో ముందే అమర్చడం. నేను రెండో కథ తర్వాత ఇంటర్వెల్ పెట్టాను.

ముందురోజు శనివారం మధ్యాహ్నం హౌస్‌కీపింగ్ బాలమణి ప్రొజెక్షన్ బూత్ గుమ్మం దగ్గరికొచ్చింది.

"సార్, రేపటి సిన్మల నేనున్న."

ఖాజాగూడలో ఆమె ఉండే బస్తీలో షూటింగ్ చేస్తూ అనూష ఆమెకొక వేషం ఇచ్చిందట. మూడో కథ మొదట్లోనే. అపార్ట్‌మెంట్‌లో పనిమనిషిని లిఫ్ట్ ఎక్కనివ్వరు. మెట్లెక్కి ఎక్కి అలిసిన ఆమె ఒకరోజు లిఫ్ట్ బటన్ నొక్కుతుంది.

"ఇంటర్వెల్ అయినంక నేను బాత్రూంలు కడుగుతుంట. నా బొమ్మ గప్పుడే వచ్చిపోతది. ఉన్నది ఒక్కటే ఆట."

సూపర్‌వైజర్‌ని అడిగితే, "డ్యూటీల సిన్మా ఏంది? హీరోయిన్‌వైతవా?" అన్నాడట.

"ఇంటర్వెల్ మూడో కథ తర్వాతికి జరుపుతా. బూత్‌లోకొచ్చి ఈ కిటికీ అద్దంలోంచి చూడు," అన్నాను.

"చాటుంగనా సార్? నేనేమన్న దొంగతనం జేసిన్నా?"

అనూషకు ఫోన్ చేశాను.

"ఇంటర్వెల్ జరపండి, పర్లేదు. కానీ ఆవిడ నా నటి అండి. మా వాళ్లకి ఉంచిన వరసలో ఆవిడ కూర్చోవాలి. అక్కడే పనిచేస్తారని నాకు తెలీదు," అంది. టికెట్ పంపింది.

మర్నాడు హాలు తలుపు దగ్గర సూపర్‌వైజర్ అడ్డం నిలబడ్డాడు. "యూనిఫాం మీదనా?"

"చీర కట్టుకొని రావాలని టికెట్ మీద రాసుందా అన్నా? ఇంటర్వెల్‌కు మాప్ పట్టుకుంట, ఫికర్ చెయ్యకు."

అతను నవ్వాపుకుంటూ పక్కకు జరిగాడు.

మూడో కథ మొదలైనప్పుడు నేను తెర చూడలేదు, అద్దంలోంచి ఆ వరస చూశాను. తెర మీద వేలు లిఫ్ట్ బటన్ నొక్కింది. పక్క సీటులోని అమ్మాయి తెరవైపు, బాలమణివైపు మార్చి మార్చి చూసింది. బాలమణి మాత్రం కదల్లేదు.

ఇంటర్వెల్‌లో అదే అమ్మాయి బాత్రూం గుమ్మంలో ఆగింది. "ఆంటీ, అది మీరే కదా?"

"నేనే. జర ఆగు బిడ్డా, తడిగుంది, జారుతవ్."

కొత్త సినిమా వస్తే ఖాళీ హాల్లో ఒకసారి వేసి చూసుకుంటాం. దాన్ని టెస్ట్ షో అంటాం. ఆ ఆదివారం తర్వాత నేను అడిగితే మేనేజర్ ఒప్పుకున్నాడు, డ్యూటీ లేని సిబ్బంది ఆ ఆటకు వచ్చి సీట్లలో కూర్చోవడం మొదలైంది. మొదటివారం అందరూ గోడవారగా నిలబడితే, "కూసోండ్రి, ఇవి మన కోసమే," అని బాలమణి పిలిచింది. అన్నేళ్లూ ఇంటర్వెల్ పెట్టడానికి కథలో మలుపు ఎక్కడుందో చూసేవాణ్ణి. ఆ సమయానికి తలుపు బయట ఎవరున్నారో చూడడం కూడా నా పనేనని ఆ ఆదివారం నేర్చుకున్నాను.