డ్రిల్లు సారు చెక్కలు

అదే కదా నేను పది రోజుల నుంచీ మొత్తుకుంటున్నది. పోవడానికైనా ఒక పద్ధతి ఉండాలి. ముప్పై ఏళ్ళపాటు పిల్లకాయలకు గీత దగ్గర ఆగడం నేర్పిన మనిషి, లాగోస్‌లో మా పిల్ల పరుగు ట్రయల్స్ ఇంకా పదహారు రోజులుండగా ఎవరికీ చెప్పకుండా నిద్రలోనే లేచి వెళ్ళిపోతే దాన్నేమంటారు? ఫాల్స్ స్టార్ట్ అంటారు, సైగ రాకముందే పరుగందుకోవడం. ఇంకెవరైనా ఆ పని చేసుంటే ముందు విజిల్ వేసేది ఆయనే.

మా డ్రిల్లు సారు పోయారు. అనంతపురం జిల్లాలో మా ఊరి హైస్కూల్లో నాకు వ్యాయామం చెప్పిన సారు. రిటైరయ్యాక బర్మింగ్‌హామ్‌లో కూతురి ఇంటికొచ్చి ఉన్నారు. కూతురు ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను టెర్మినస్‌లో ఉన్నాను. బస్సు నిండా జనం. "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేసి, తలుపులు మూసి, బండి తీశాను. ఆ ట్రిప్పులో ప్రతి స్టాపులోనూ చక్రం ఫుట్‌పాత్ గట్టుకు ఆనీ ఆనకుండా, స్కేలు పెట్టి గీసినట్టు ఆపాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

మన తెలుగు అసోసియేషన్ సెక్రటరీ సారు గురించి రెండు పేజీలు రాయమన్నాడు, కొంచెం ఘనంగా ఉండాలన్నాడు. ఘనంగా నాకు రాదు. నేను పల్లెటూరి బడిలో పదో తరగతి చదివి, ఇక్కడ బస్సు తోలుతున్నవాణ్ణి. ఈ దేశానికి ఉద్యోగం మీద వచ్చింది నర్సయిన మా ఆవిడ. సామానుతోపాటు నేనూ వచ్చాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఘనం మీరు కలుపుకోండి.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన నా బస్సు ఎక్కబోతూ ఆగి, కిందికి వంగి చక్రానికీ గట్టుకీ మధ్య చూశాడు. "అడుగు సందుంది. ముసిలోల్లు ఎట్ల ఎక్కల్లప్పా?" అని తనలో తానే గొణుక్కున్నాడు. ఆ గొంతు వినగానే నా మడమలు రెండూ దగ్గరికొచ్చేశాయి, బ్రేకు మీదున్న కాలుతో సహా. "సార్" అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నా మొహం చూశారు. పేరు గుర్తు రాలేదు. "నువ్వు లాంగ్‌జంప్‌లో ఇసుక కంటే ముందే పడినోడివి కదరా" అన్నారు. నలభై ఏళ్ళయినా మనిషికో తప్పు చొప్పున అందరినీ గుర్తు పెట్టుకున్నారు.

టెర్మినస్ పక్కనే కౌన్సిల్ వాళ్ళ పరుగు ట్రాక్ ఉంది. నా రోటాలో పొద్దుటి డ్యూటీకీ సాయంత్రం డ్యూటీకీ మధ్య మూడు గంటలు ఖాళీ. ఆ ఖాళీలో సారు ఆ ట్రాక్ చుట్టూ నడిచేవారు, నేను వెనకాల నడిచేవాణ్ణి. ఫున్మి అనే అమ్మాయిని చూసింది అక్కడే.

ఫున్మిది నైజీరియాలో లాగోస్. వాళ్ళ బళ్ళో పిల్లల్ని రంగుల జట్లుగా విడగొట్టి ఏటా పోటీలు పెడతారట. ఆ పసుప్పచ్చ జట్టులో చెప్పుల్లేకుండా మొదలుపెట్టి, రాష్ట్రం దాకా వెళ్ళి, వంద మీటర్లలో పేరు తెచ్చుకుని, ఇక్కడి యూనివర్సిటీలో ఆటల సీటు మీద పందొమ్మిదేళ్ళకు వచ్చింది. వచ్చిన చలికాలమే తొడ కండరం పట్టేసింది. కోలుకుని ఇండోర్ పోటీలో రెండో స్థానం తెచ్చుకుంది. ఆ తర్వాతి పోటీలో తుపాకీ పేలకముందే లేచింది. ఎర్ర కార్డు చూపించి పంపేశారు. ఈ ఆటలో రెండో అవకాశం లేదు, ఒకసారి ముందు లేస్తే ఇంటికే. అప్పటి నుంచి ఆ పిల్ల జట్టుతో కాకుండా, పగటిపూట ఒక్కతే వచ్చి గీత దగ్గర వంగడం, లేవడం, మళ్ళీ వెనక్కి రావడం. చూసేవాళ్ళకే కాళ్ళు పీకేవి.

సారు మూడు రోజులు బెంచీ మీద కూర్చుని చూశారు. నాలుగో రోజు లేచి వెళ్ళారు. వాళ్ళలో ఆడపిల్లలు పెద్దవాళ్ళను పలకరించాలంటే రెండు మోకాళ్ళూ నేలకానిస్తారట. ఆ సంగతి మాకేం తెలుసు? పిల్ల గబుక్కున మోకాళ్ళ మీద కూలబడేసరికి కాలు మళ్ళీ పట్టేసిందనుకుని సారు జేబులో నొప్పుల బామ్ తీశారు. అది చూసి ఆ పిల్ల నవ్వింది. సారు బామ్ జేబులో పెట్టుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులో మొదటి పాఠం చెప్పారు. "నో హర్రీ. ఫాస్ట్ ఓన్లీ."

మూడేళ్ళ పాఠం మొత్తం ఆ నాలుగు మాటలే. నాకైతే తెలుగులో చెప్పేవారు. "తొందర వేరు, వేగం వేరురా. తొందర మనసులో ఉంటాది, వేగం కాళ్ళల్లో ఉంటాది. రెండూ ఒకే చోట పెడితే కొట్టుకుంటాయి."

ఊర్లో మాకు తుపాకీ ఎక్కడిది? రెండు చెక్క పలకలు, ఒక చివర ఇనప మడతబందు. రెండు చేతులా తెరిచి ఠపీమని మూస్తే ఊరవతలికి వినిపించేది. ఆ చెక్కల్నే సారు పెట్టెలో వేసుకుని ఇక్కడికి తెచ్చారు. వాటి కోసం ఒక ఊరగాయ జాడీ తీసి పక్కన పెట్టాల్సొచ్చిందని కూతురు ఇప్పటికీ అంటుంది. సారుకు కుడి భుజం పైకి లేవదు. అందుకని ఆయన పక్కన నిలబడి పిల్ల పాదాలు చూసేవారు, వెనకాల నిలబడి చెక్కలు కొట్టే ఉద్యోగం నాది. ఇసుక కంటే ముందే పడినవాడికి ప్రమోషన్.

నాలుగు నెలలు కొట్టాను. ఫున్మి బాణంలా లేచేది. సారు కళ్ళు మెరిసేవి. యూనివర్సిటీ పోటీకి ఇద్దరం బస్సులో వెళ్ళి కూర్చున్నాం. "సెట్" అన్నారు, కదలకుండా సిద్ధంగా ఉండమని. పక్క లైన్లో అమ్మాయి ఫూ అని ఊపిరి వదిలింది. మా పిల్ల లేచి పది అడుగులు ఉరికేసింది. తుపాకీ పేలలేదు. మళ్ళీ ఎర్ర కార్డు. ఇంకోసారి ఇలా జరిగితే జట్టులో చోటుండదని అక్కడి కోచ్ చెప్పేశాడు.

మర్నాడు ట్రాక్ దగ్గర సారు పిల్ల పాదాలు చూడకుండా నావైపు తిరిగి నిలబడ్డారు. కొట్టమన్నారు, కొట్టాను. మళ్ళీ కొట్టమన్నారు. మూడోసారి నేను చెక్కలు తెరిచి కొట్టబోతుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. చెక్కలు మోగలేదు. ఫున్మి మాత్రం అప్పటికే లేచి పరిగెత్తుతోంది.

"బండి కదిలించే ముందర నువ్వేం చేస్తావురా?" అన్నారు.

జవాబూ ఆయనే చెప్పారు. బ్రేకు వదిలే ముందు ఫూ అని ఊపిరి వదలడం నా అలవాటట. ఇన్నేళ్ళుగా బస్సు తోలుతున్నా నాకే తెలీదు. చెక్కలు కొట్టే ముందూ అదే చేస్తున్నాను. నాలుగు నెలలుగా ఆ పిల్ల చెవి చెక్కల్ని కాదు, నా ఊపిరిని వింటోంది. పోటీలో ఎవరో ఊపిరి వదిలితే నేనే అనుకుని ఉరికింది.

ఆ తప్పు ఫున్మి పేరు మీద రాశారు. ఆ కాగితంలో నా పేరు ఎక్కడా లేదు.

"చెప్పాల్సింది నువ్వేరా, నేను కాదు" అన్నారు సారు. చెప్పాను. ఫున్మి నన్ను ఇంకోసారి ఊపిరి వదలమంది. వదిలాను. చెవి దగ్గర పెట్టి విని, వాళ్ళ బళ్ళోనూ ఒక మాస్టారికి విజిల్ ముందు దగ్గు వచ్చేదని, ఆ దగ్గుకే తను జిల్లా గెలిచిందని చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. నాకే నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి చెక్కలు సారే పట్టారు. లేవని భుజంతో, నడుము దగ్గరే తెరిచి మూసేవారు. "సెట్" అన్నాక ఒకసారి వెంటనే కొట్టేవారు. ఒకసారి కొట్టకుండా వెళ్ళి ఫ్లాస్కులో టీ పోసుకునేవారు. పిల్లకు చెమట కారేది, కదిలేది కాదు. నేను పక్కన నిలబడి చూడలేక అటూ ఇటూ తిరిగేవాణ్ణి. "నువ్వు తిరిగితే ఆ పాప తల తిరుగుతాది, కూకోరా" అనేవారు. ఆ తర్వాత ఫున్మి నాలుగు పోటీలు శుభ్రంగా పరిగెత్తింది. నాలుగోది చూసి వాళ్ళ దేశం జట్టు ఎంపికకు, లాగోస్ ట్రయల్స్‌కు పిలిచారు.

ఇదిగో, ఇంతలో సారు ఇలా పోయారు. ఈ దేశంలో దహనానికి కూడా అపాయింట్‌మెంట్ కావాలి. రెండు వారాల తర్వాత ఒక స్లాట్ ఇచ్చారు. సరిగ్గా లాగోస్‌లో ఫున్మి పరుగు ఉన్న రోజే. ఇంకో రోజు దొరకలేదు. ఫున్మి ప్రయాణం మానేస్తానంది. ట్రాక్ మొహం చూడకుండా ఐదు రోజులు హాస్టల్లో కూర్చుంది.

నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. పలకరించడానికి సారు కూతురి ఇంటికొచ్చినప్పుడు దొరికింది. ఆమె ముందు రెండు మోకాళ్ళూ నేలకానించి, తను ఇక్కడే ఉండిపోతానంది. కూతురు ఏడవలేదు. సోఫా వెనక నుంచి తువ్వాలులో చుట్టిన చెక్కలు తీసుకొచ్చి, పిల్ల చేతికి ఇవ్వకుండా నా ఒళ్ళో పెట్టింది. "మా నాన్న కోసం పరుగు మానేస్తే, ఆయన శవపెట్టెలోంచి లేచి విజిల్ వేస్తాడు. క్రిమటోరియం వాళ్ళకు నేను జవాబు చెప్పలేను" అంది. ఆ మాట ఇంగ్లీషులో ఫున్మికి నేనే చెప్పాను. నవ్విందో ఏడ్చిందో తెలీలేదు, తల మాత్రం ఊపింది. తర్వాత నావైపు తిరిగి, కొట్టేది నువ్వేనా అంకుల్ అని అడిగింది. ఆ చూపులో నమ్మకం ఎంతో, భయం ఎంతో నేను విడదీసి చెప్పలేను.

రేపు పొద్దున విమానం. ఇవాళ ఆఖరి అభ్యాసం. ఇదంతా ట్రాక్ పక్కన బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. కూర్చుని అంటే, నాలుగు లైన్లు రాసి లేస్తున్నాను, ఒక చుట్టు తిరిగి మళ్ళీ కూర్చుంటున్నాను. ఐదు రోజులుగా ఊపిరి వదలకుండా ఉండటం సాధన చేస్తున్నాను. బస్సులో, వంటింట్లో, ఆఖరికి మంచం మీద కూడా. మా ఆవిడ నాడి పట్టుకుని చూసి, డ్యూటీలో చేసేది చాలదా, ఇంట్లో నిన్ను కూడా బతికించాలా అంది.

సారు చనిపోవడానికి రెండు రోజుల ముందు, టీ తాగుతూ, నేను అడక్కుండానే ఒక మాట చెప్పారు. ఊపిరి బిగబట్టకూడదంట. బిగబడితే ఎప్పుడో ఒకప్పుడు వదలాల్సిందే. "ముందే అంతా వదిలేసెయ్. లోపల ఏం లేకుండా నిలబడు. అప్పుడు కొట్టు." నాకెందుకు చెప్తున్నారో అప్పుడు నాకు తోచలేదు. చెక్కలు ఆయన చేతిలోనే ఉన్నాయి కదా అనుకున్నాను.

ఫున్మి మూడు చుట్లు పూర్తి చేసింది. గీత దగ్గరికి వచ్చి, సారు నిలబడే చోటు కేసి తిరిగి రెండు మోకాళ్ళూ ఆనించింది. అక్కడ ఎవరూ లేరు, ఆయన టీ ఫ్లాస్కు పెట్టుకునే రాతి దిమ్మె తప్ప. ఇప్పుడు ఒక మోకాలు ఎత్తి, వేళ్ళు గీత వెనక సర్దుకుంటోంది.

"అంకుల్" అని పిలుస్తోంది.

వస్తున్నా తల్లీ. ఈ కాగితాలు గాలికి పోకుండా పైన, చెక్కలతోపాటు కూతురిచ్చిన సారు విజిల్ పెట్టి, చెక్కలు తీసుకుని, లోపలున్నదంతా ముందే వదిలేసి,