అత్తయ్య సవతికి పట్టిన తుప్పు

పోయిన నెల భద్రాచలంలో చుట్టాల పెళ్లికి వెళ్తే, కల్యాణమండపం ముందు పాతకాలపు కారొకటి నిలబడి ఉంది. పెళ్లికొడుకు ఊరేగింపు కోసం ఎక్కడినుంచో కిరాయికి తెప్పించారట. పిల్లలంతా సెల్‌ఫోన్లు పట్టుకుని దాని చుట్టూ మూగారు. నేను పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని వంగి, ముందు బంపర్ మీద వేలితో మెల్లగా రాసి చూశాను. కొత్త పూత వేయించినట్టున్నారు, అద్దంలా నున్నగా ఉంది. "ఏం పడిపోయింది పిన్నీ, వెతకాల్నా?" అని పెళ్లివారి అమ్మాయి ఒకతి ఆదుర్దాగా అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను గానీ, అక్షింతలు వేసేదాకా నా మనసు ఆ మండపంలో లేదు. సారపాక అవతల మా అత్తవారింటి పెంకుల షెడ్డు దగ్గరికి వెళ్లిపోయింది.

నేను ఎర్రుపాలెం నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్లింది ఎనభైల మొదట్లో. మామయ్య పెద్దలు కృష్ణా వైపు నుంచి వచ్చి, అడవి అంచున పొలాలు కొనుక్కుని స్థిరపడ్డారు. మిరప, పత్తి, జామాయిల్ తోటలు. జామాయిల్ కర్రను మామయ్య కాగితం మిల్లుకు తోలించేవారు. గాలి ఒక వైపు నుంచి వీస్తే మిల్లు వాసన, మరో వైపు నుంచి వీస్తే ఇప్పపూల వాసన. కొత్తలో రెండూ నాకు తలనొప్పి తెప్పించేవి, తర్వాత రెండూ లేకపోతే తోచేది కాదు. ఆ ఇంట్లో అన్నిటికన్నా గొప్ప వస్తువు మామయ్య కారు. యాభైల నాటి విదేశీ కారు, నల్లగా, గున్న ఏనుగంత ఉండేది. ముందు జాలీ, బంపర్లు, తలుపుల పొడవునా సాగిన పట్టీలు తెల్లగా ధగధగలాడేవి. దాన్ని క్రోమియం పూత అంటారని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. మా ఇంట్లో అందరూ నికెల్ అనేవారు. పెళ్లయి ఆ కారు దిగుతుంటే తలుపు పట్టీలో నా మొహం కనిపించింది. ముక్కు బారెడు సాగి, బాసికం చెవిదాకా పాకి ఉంది. అయినా అంత మెరుపులో నన్ను నేను చూసుకోవడం అదే మొదలు. గడప దగ్గర మా ఆయన పేరు చెప్పమంటే వెనక్కి తిరిగి కారు వైపు చూశాను. సిగ్గనుకున్నారు అందరూ.

మామయ్య పొద్దున్నే కాఫీ కన్నా ముందు మెత్తటి గుడ్డతో ఆ నికెల్ తుడిచేవారు. అత్తయ్యది కల్లూరు. ఎన్నేళ్లయినా పుట్టింటి మాట వదల్లేదు, కారును 'నా సవతి' అనడమూ మానలేదు. "నా మొకం ఏనాడన్న గంత పరీక్షగా చూసిండా మీ మామ?" అని నన్నడిగేది. ఆయన వినీ విననట్టు ఇంకో పట్టీ తుడిచేవారు.

నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు తొలకరి రోజుల్లో మామయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఖమ్మం దవాఖానా నుంచి ఇంటికి పంపేటప్పుడు, చేతికి రోజూ పని చెప్పాలి, లేకపోతే బిగుసుకుపోతుందని చెప్పి డాక్టరు గారు పిసకడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చారు. మామయ్య ఎడమచేత్తో దాన్ని పెరట్లోకి విసిరేశారు. ఆయన కేక వేస్తే రోడ్డు మీద కర్ర లారీ ఆగేది. అలాంటి మనిషి గోడవైపు తిరిగి పడుకున్నారు. పలకరించడానికి ఎవరొచ్చినా కళ్లు మూసుకునేవారు. అత్తయ్య ముద్ద నోటిదాకా తెస్తే మొదట్లో తినేవారు, పోనుపోను పెదవులు బిగించడం మొదలుపెట్టారు. మళ్లీ చూసిన డాక్టరు గారు, "మనిషికే బతకాలని లేకపోతే నా మందులేం చేస్తాయండీ?" అన్నారట. మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి చెప్పారు. అత్తయ్య మిరపకాయల తొడిమలు తీస్తూ విన్నది, తలెత్తలేదు.

ఆ వానాకాలమంతా కారును ఎవరూ ముట్టుకోలేదు. షెడ్డు పెంకులు కారాయి. పైగా గోదావరి మీది నుంచి వచ్చే తేమ. దసరా వెళ్లాక టార్పాలిన్ తీసి చూస్తే నికెల్ నిండా ఎర్రటి పొక్కులు, ఆటలమ్మ పోసినట్టు. మామయ్య నడపనప్పుడల్లా ఏళ్ల తరబడి ఆ కారు నడిపిన డ్రైవరు దగ్గరలోని గూడెం మనిషి. "గిట్లయితదనుకోలే చిన్నమ్మా, అయ్య చూస్తే తట్టుకోడు" అంటూ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

అత్తయ్య మాత్రం మర్నాడు పొద్దున్నే కారును వాకిట్లోకి తోయించింది. మామయ్యను కుర్చీతో సహా అరుగు మీదికి చేర్పించింది. ఆయన కళ్లు మూసుకున్నారు. ఆవిడ చీర ఎగదోపుకుని బంపర్ ముందు పీట వేసుకు కూర్చుని, కొబ్బరిపీచు ఇటుకపొడిలో అద్ది, అన్నం మాడిన గిన్నె తోమినట్టు బరబరా తోమడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి.

"అమ్మా, గీతలు పడ్తయ్! అయ్య పానం పోతది!" అని డ్రైవరు మొత్తుకున్నాడు.

"పడనీ. ఇన్నేండ్లకు దొరికింది నా సవతి" అంది అత్తయ్య.

మామయ్య కళ్లు తెరిచారు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఎడమచేత్తో కుర్చీని దబదబా బాదారు. అత్తయ్య అటు చూడనే లేదు, ఇంకా గట్టిగా రుద్దింది. అప్పుడు ఆయన గొంతులోంచి, రాయి పగిలినట్టు, "వ... వద్దూ!" అని ఒక మాట ఊడిపడింది.

నా చేతిలో చాట జారిపోయింది. నెలల తర్వాత ఆ ఇంట్లో వినబడ్డ మామయ్య మాట అది. లోపలినుంచి మా ఆయన పరుగెత్తుకొచ్చి గుమ్మంలో కొయ్యలా నిలబడిపోయారు. అత్తయ్య తల ఎత్తకుండానే అంది: "వద్దంటే ఎట్లయ్యా? నాకు గిట్లనే వచ్చు. నీకు నచ్చకపోతే నువ్వొచ్చి తోము."

మామయ్య ఎడమచేత్తో రమ్మని సైగ చేశారు. కుర్చీ మోసుకెళ్లి కారు పక్కన దించాం. ముందు ఆవిడ చేతిలో పీచు లాగి అవతల పారేశారు. తర్వాత డ్రైవరు జేబువైపు వేలు చూపించారు. వాడు తెల్లబోయి సిగరెట్ పెట్టె తీశాడు. అందులోని వెండికాగితం! దాన్ని ఉండచుట్టి, నీళ్లలో ముంచి, ఎడమచేత్తో పొక్కుల మీద నెమ్మదిగా రుద్దారు. గోధుమరంగు బురద వచ్చింది. తుడిస్తే కింద గవ్వంత మెరుపు. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. చూసి, ఒళ్లో చచ్చినట్టు పడివున్న కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఆ కాగితం మీద పెట్టి, రెండూ కలిపి ముందుకు నెట్టారు.

చలికాలమంతా అదే పని. జామాయిల్ కర్ర దించి వచ్చే లారీవాళ్లు అరుగు మీద వెండికాగితాలు పెట్టి వెళ్లేవారు. బీడీలు తాగేవాళ్లు కూడా మామయ్య పుణ్యమా అని సిగరెట్లకు ఎగబాకారని అత్తయ్య ఎగతాళి. కాగితంతో రుద్దడం, కిరసనాయిలు గుడ్డతో తుడవడం, పాలిష్ పెట్టడం. అరచేయంత మేరకు ఒక పూట పట్టేది. తుప్పు పోయినా అది తిన్న చోట సూదిమొనంత గుంటలు నల్లగా మిగిలాయి. ఖమ్మం నుంచి వచ్చిన మెకానిక్కు చూసి, "అన్నీ ఇప్పి బెజవాడ పంపుండ్రి సార్, పాత పూత తీసేసి కొత్తది ఎక్కిస్తరు" అన్నాడు. మా ఆయన సరేననబోయారు. అప్పటికి మామయ్యకు మాటలు ఒకటీ అరా వస్తున్నాయి. "ఇక్కడే. నేనే" అన్నారు.

ఒకరోజు మజ్జిగ తీసుకెళ్తుంటే చూశాను. తలుపు పట్టీ పక్కన గుడ్డ దూరని సన్నటి సందు. అందులో మామయ్య కుడిచేతి చూపుడువేలు కదులుతోంది. ఎడమచెయ్యి దాన్ని పట్టుకుని లేదు. వేలు తనంతట తాను పాకుతోంది, చీమంత నెమ్మదిగా. ఆయనకే తెలియదు, ఆయన చూపంతా తుప్పు మీద ఉంది. పిలిస్తే ఆగిపోతుందేమోనని భయంతో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో నా భుజం గట్టిగా పట్టుకున్నారు. అత్తయ్య! గోదావరి కరకట్ట అంచుదాకా పొంగడం చూశాను, అడవిలో నిప్పు ఒక కొండ నుంచి ఇంకో కొండకు దూకడమూ చూశాను. ఆ వేలు కదిలినప్పుడు పులకరించినట్టు నా ఒళ్లు మరెప్పుడూ పులకరించలేదు.

మామిడికాయ పప్పు రోజులు వచ్చాయి. అత్తయ్య అలవాటుగా ముద్ద కలిపి చెయ్యి చాపితే, మామయ్య దాన్ని పక్కకు తోసి తన కుడిచేతిని కంచంలో పెట్టారు. సగం మెతుకులు ఒళ్లో పడ్డాయి, సగం నోటిదాకా వెళ్లాయి. మేమంతా కప్పు వైపు, గోడల వైపు చూస్తూ కూర్చున్నాం.

"ఉప్పు సరిపోయిందా?" అంది అత్తయ్య, మామూలుగా.

"ఎక్కువైంది" అన్నారు మామయ్య.

ఆవిడ నవ్వుతూ లేచి పెరట్లోకి వెళ్లింది. ఎంతకీ రాకపోతే వెళ్లాను. తొట్టి దగ్గర మొహం కడిగిందే కడుగుతోంది. "అత్తయ్యా, ఆ రోజు ఇటుకపొడి తెలిసే వాడారా?" అని అడిగాను. "నాకేం ఎరుక బిడ్డా కార్ల సంగతి" అని కొంగుతో మొహం కప్పుకుంది.

మామయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు ఉన్నారు. కర్ర పట్టుకుని నడిచారు, మళ్లీ కారు మాత్రం నడపలేదు. సాయంత్రాలు డ్రైవరు నడుపుతుంటే ఆయనా అత్తయ్యా వెనక సీట్లో కూర్చుని వంతెన దాకా వెళ్లి గోదావరిని చూసి వచ్చేవారు. ఇద్దరూ పోయారు, కారూ చేతులు మారి ఎటో వెళ్లింది. ఆ చలికాలంలో పొద్దు అసలు కదలనట్టే ఉండేది, ఎప్పుడు తెల్లవారుతుందా, ఎప్పుడు వేలు వంగుతుందా అని కాచుకు కూర్చునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే, నా కాపురంలో అంత తొందరగా గడిచిపోయిన కాలం ఇంకొకటి లేదు.