మెర్సీ పోయి పెన్న వచ్చె

పేరు తెచ్చుకుని ఉద్యోగం సంపాదించినవాళ్లను మీరు చూసి ఉంటారు. పేరు మార్చుకుని వచ్చిన ఉద్యోగాన్ని పోగొట్టుకున్న మహాతల్లిని చూడాలంటే ఉదయగిరి రండి. నేనే.

మాది బాప్టిస్టు కుటుంబం. నా పేరు మెర్సీ. నెల్లూరులో ఎం.ఏ. ఇంగ్లీషు చదివేటప్పుడు, వలస పాలన మీద తిరగబడ్డ సాహిత్యం మాకో పేపరు. తెల్లవాళ్లు మన నేలనే కాదు, మన పేర్లనూ ఆక్రమించారని అందులో చదివాను. మిగతా పిల్లలు మార్కుల కోసం చదివారు. నేను, ఖర్మ, నమ్మాను! అద్దంలో చూసుకుంటే నా నుదుటి మీద బ్రిటిషు జెండా ఎగురుతున్నట్టే ఉండేది. ఇక ఆగలేక గెజిట్‌లో, ఆధార్‌లో మా ఏటి పేరు 'పెన్న' పెట్టించుకున్నాను.

"అవ్వా, ఇంక నన్ను పెన్న అని పిలువు. మెర్సీ బానిస పేరు" అన్నాను.

అవ్వ చేతిలో చేట కింద పెట్టింది. "అట్నేలేమ్మా" అంది.

ఆత్మకూరులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా ఎంపికయ్యాను. చేరేరోజు క్లర్కు నా కాగితాలు ముందేసుకున్నాడు.

"సర్టిఫికెట్లలో ఉండే మెర్సీ ఎవురు?"

"నేనే సార్."

"ఆధార్‌లో పెన్న?"

"అదీ నేనే. గెజిట్ చూడండి."

"దరఖాస్తులో పాత పేరు కాడ మార్సీ అని ఉండాది. ఈమె ఎవురు?"

పాత పేరు రాయడమే అవమానమనే ఆవేశంలో దరఖాస్తులో స్పెల్లింగ్ తప్పు రాసింది నేనే. ఇంగ్లీషు లెక్చరర్‌ని!

"ఇంతకీ మీరెవురు మేడం?"

సెమినార్‌లో అయితే ఆ ప్రశ్న మీద గంట మాట్లాడేదాన్ని. అక్కడ మాత్రం గెజిట్ కాగితాన్నే మళ్లీ ముందుకు తోశాను. కాగితాలు సరిచేసుకునేలోపు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు.

ఇంటికొచ్చి ఏడ్చాను. "తెల్లోళ్లు పెట్టిన పేరు నా కొంప ముంచిందే అవ్వా!"

"ఏ తెల్లోళ్లే? పెట్టింది నేను గదా. కాన్పులో మీయమ్మ పానం పోతావుంటే నిలబెట్టిన నర్సమ్మ పేరది. మన చేజర్ల మనిషి. నాకంటే నలుపు."

"ముందే ఎందుకు చెప్పలా?"

"బానిస పేరంటివి. ఆయమ్మ పేరెత్తేదానికి నాకు నోరు రాలా."

నానా తిప్పలు పడి మళ్లీ మెర్సీనయ్యాను. ఆ పేరుతో ఒక్కసారి పిలువమని అవ్వను బతిమాలాను.

"నువ్వు చెప్పినావని ఏడాదిగా నేర్చుకున్నాను తల్లీ. ఇప్పుడు నాలిక తిరగదు. అన్నానికి రా, పెన్నమ్మా" అంది.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో, అవ్వను అడక్కుండా నేనెవరో తేల్చుకోను.