చెట్లకు కట్టిన చీర అంచులు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే అక్కడి నుంచి లేచిపోయే రకం నేను. ఇంట్లో దిష్టి అన్నా నవ్వేదాన్ని. ఇది చదివి నాకు మతిపోయిందని మీరు అనుకుంటే మిమ్మల్ని తప్పు పట్టను. మీ స్థానంలో ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని.

ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఇల్లు తార్నాకలోనే. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. నా క్లాస్‌మేట్ స్వరూపది సిద్దిపేట దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. హాస్టల్లో ఉండేది. ప్రతి ర్యాలీలో ముందు వరసలో తనే. ఉద్యమం మాటెత్తితే మా నాన్న టీవీ సౌండు పెంచేవారు. మేమిద్దరం మాత్రం ఒకే కంచం, ఒకే మంచం.

మమ్మల్ని కలిపింది ఫొటోల పిచ్చి. నా దగ్గర మామయ్య ఇచ్చిన పాత కెమెరా ఉండేది. క్యాంపస్‌లో ఒక మూల, బండరాళ్ళ మధ్య చిన్న అడవిలా చెట్లుండేవి. వేప, తుమ్మ, మోదుగ, కింద సీతాఫలం పొదలు. అవే చెట్లను ఎండల్లో, వానల్లో, ఆకు రాలాక, అదే చోట నిలబడి తీయాలని నా పంతం. చెట్ల కింద వెలుతురు తక్కువ కాబట్టి స్టాండు వేసి, ఆకు కదలకుండా గాలి ఆగేదాకా ఎదురుచూడాలి. "నీ చెట్టు ఏడికి పోతదే, జల్ది తియ్యి" అని స్వరూప విసుక్కునేది.

నిలబడ్డ చోటు మళ్ళీ దొరకాలి కదా. అందుకని అమ్మ పాత నేతచీర ఎర్ర అంచును చించి, ఒక్కో చోట కొమ్మకు ఒక్కో ముక్క కట్టేదాన్ని. నేను వేసేది అమ్మ దగ్గర పూలు కడుతూ నేర్చుకున్న ముడి. నాది ఎడమచేతివాటం, అందుకే అది తిరగబడి పడేది. అలాంటి ముడి వేయబోయి స్వరూప చాలాసార్లు ఓడిపోయింది.

ఆ రోజు బంద్. క్యాంపస్‌లో పెద్ద ర్యాలీ. "గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను" అని అమ్మ పొద్దున్నే గేటుకు తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకుంది. పక్కింటివాళ్ళు కూడా మా ఇంట్లోనే టీవీ ముందు కూర్చున్నారు. మధ్యాహ్నానికి బాష్పవాయువు ఘాటు మా వీధిదాకా వచ్చింది. కళ్ళకు తడిగుడ్డ పెట్టుకుని స్వరూపకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. తొక్కిసలాటలో ఫోను పోయిందని తర్వాత తెలిసింది. ఆ రోజంతా నేను ఇల్లు కదల్లేదు. ఇంటినిండా సాక్షులున్నారు.

మర్నాడు తెల్లారగానే హాస్టల్‌కు పరిగెత్తాను. స్వరూప తిరిగి రాలేదన్నారు. అరెస్టయినవాళ్ళలో లేదు, ఆస్పత్రిలోనూ లేదు. వాళ్ళమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి "నా బిడ్డ ఏడున్నది బిడ్డా" అని ఏడ్చింది. పోలీసులు తరిమితే మా చెట్లలోకే పారిపోయి ఉంటుందనిపించి అటు వెళ్ళాను.

అక్కడ పొగ వాసన ఇంకా పోలేదు. ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. మోదుగ కొమ్మకు నేను కట్టిన ఎర్ర ముక్క లేదు. వేపకూ లేదు. ఎక్కడా లేవు. చించినట్టయితే ఒక పోగైనా మిగలాలి, అదీ లేదు. నేను నిలబడే ప్రతిచోటా ఎవరో నాకన్నా ముందే నిలబడి, తీరిగ్గా ముడులు విప్పుకుని వెళ్ళారనిపించింది. వెనక్కి పరిగెత్తాలనిపించింది. వాళ్ళమ్మ ఏడుపు గుర్తొచ్చి ఆగాను.

"స్వరూపా" అని గట్టిగా పిలిచాను. బండల అవతల నుంచి సన్నగా జవాబొచ్చింది.

"మళ్ళొచ్చినవా శైలూ?"

పాత రాళ్ళగుంతలో పడి ఉంది. కాలు విరిగింది, పిక్క లోతుగా తెగింది. నెత్తురు మాత్రం ఆగి ఉంది. నా ఎర్ర అంచు ముక్కలన్నీ కలిపి గాయం చుట్టూ బిగించి కట్టి ఉన్నాయి. ప్రతి ముడీ తిరగబడిన పూలముడి.

మిగతాది ఆస్పత్రిలో చెప్పింది. పొగలో దారి తెలియక పరిగెత్తుతుంటే చెట్లలోంచి నేను పేరుపెట్టి పిలిచానట. ఆ గొంతు పట్టుకుని వస్తూ గుంతలో పడిందట. ఆ వెంటనే నేను దిగి కట్టు కట్టి వెళ్ళిపోయానట. ఆ కట్టు లేకపోతే మనిషి దక్కేది కాదని డాక్టరు అన్నారు. నేను రాలేదని ఒట్టేస్తే స్వరూపకు కోపమొచ్చింది.

"ఏంది పరాచికాలు? నీ మొహం నేను గుర్తువట్టనా? మెడల కెమెరా లేకుండె, గదొక్కటే కొత్తగనిపించింది."

ఇంటికొచ్చి అమ్మకు జరిగిందంతా చెప్పాను. అమ్మ ఆ చీరలో మిగిలినదంతా పెరట్లో వేసి తగలబెట్టింది. దిష్టంటే నవ్వే నేను పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను.

స్వరూప కాలు బాగైంది. మళ్ళీ నాతో చెట్లలోకి మాత్రం రాలేదు. ఆ బండల్లో నడవలేక అనుకున్నాను. రాష్ట్రం వచ్చింది, మాకు ఉద్యోగాలొచ్చాయి, పెళ్ళిళ్ళయ్యాయి. మల్కాజ్‌గిరిలో వాళ్ళింటికి వెళ్తే ఇప్పటికీ నాకోసం జొన్నరొట్టెలు చేస్తుంది. మొన్న అలా వెళ్ళినప్పుడు, ఒక్కసారి మన చెట్లు చూసొద్దాం రావే అన్నాను. పిండి తడుపుతున్నదల్లా చెయ్యి కడుక్కుని నావైపు తిరిగింది.

"కట్టు కట్టినంక నువ్వొక మాట చెప్పినవ్. యాదికుంటదనుకున్న" అంది. "ఇంకోపారి నేను చెట్లల్లకెల్లి పిలిస్తే రాకు అన్నవ్."

తనను పిలిచి గుంతలో పడేసిందెవరో, దిగి బతికించిందెవరో, ఆ ఇద్దరూ ఒకరేనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైతేనేం, వచ్చింది నా మొహంతో. ఇక స్వరూపను మళ్ళీ రమ్మని అడగను. నేనూ అటు వెళ్ళను. చెట్లలోంచి నా గొంతు నాకే వినపడుతుందేమోనని భయం.