రెండు పటాలు, ఒక కంటిన్యుటీ పుస్తకం

అది 1996. ఫిల్మ్ నగర్‌లో ఒక మూడంతస్తుల మేడ, దాని కింది అంతస్తులో వెనకవైపు ఒక గది, ఆ గదిలో నేను. పైచదువులకో ఉద్యోగానికో విదేశాలు వెళ్లేవాళ్లు రాయాల్సిన ఇంగ్లీషు పరీక్షకు అక్కడ కోచింగ్ ఇచ్చేవాణ్ని. గది ఎంత ఇరుకంటే, నేను ఆవులిస్తే చివరి బెంచీలో కూర్చున్నవాడి కళ్లజోడుకు ఆవిరి పట్టేది. పైన డబ్బింగ్ థియేటర్. శబ్దం బయటికి పోకుండా గోడలకు సవాలక్ష ఏర్పాట్లు చేశారు గానీ నేల సంగతి మరిచిపోయారు. కింద నేను వ్యాసం ఎలా మొదలుపెట్టాలో చెబుతుంటే పైన విలన్ నవ్వేవాడు. మా విద్యార్థులు ఇంగ్లీషు కన్నా ముందు ధైర్యం నేర్చుకున్నారు.

ఆ పరీక్షలో రైటింగ్ అని ఒక భాగం ఉంటుంది. అందులో మొదటి ప్రశ్న టాస్క్ వన్. ఒక బొమ్మ ఇస్తారు, ఇరవై నిమిషాల్లో నూటయాభై మాటలకు తగ్గకుండా దాన్ని వర్ణించాలి. ఎక్కువగా గ్రాఫులే వస్తాయి. అప్పుడప్పుడు మాత్రం ఒక ఊరి పటాలు రెండు ఇస్తారు, అప్పుడు ఎలా ఉంది, ఇప్పుడు ఎలా ఉంది అని. ఏది పోయింది, దాని చోట ఏది వచ్చింది, ఏది అలాగే ఉంది, అంతే చెప్పాలి. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, చూస్తే మీకేమనిపించింది, ఇవేవీ రాయకూడదు. ఈ ముక్క రోజుకు వెయ్యిసార్లు చెప్పేవాణ్ని. గోడ మీది బల్లికి కూడా కంఠతా వచ్చే ఉంటుంది.

రానిది మల్లేశ్‌కొక్కడికే.

మల్లేశ్‌కు ముప్పై నాలుగేళ్లు. సినిమాల్లో కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్. ఒక సీను సగం ఇవాళ తీస్తారు, మిగతా సగం నెల తర్వాత తీస్తారు. ఈలోగా హీరో చొక్కా గుండీ గానీ, బల్ల మీది గ్లాసులో నీళ్ల మట్టం గానీ మారకుండా చూడటం అతని ఉద్యోగం. అన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటాడు. పన్నెండేళ్లుగా ఆ పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగి తిరిగి, అది లేనప్పుడు కూడా ఎడమ చెయ్యి శరీరానికి అంటుకునే ఉండేది. అతనికి లండన్‌లో ఒక ఎడిటింగ్ కోర్సులో సీటు వచ్చింది. పరీక్షలో ప్రతి భాగానికీ ఆరు బాండ్ రావాలి. బాండ్ అంటే వాళ్ల మార్కు, తొమ్మిదికి లెక్క. అతనికి రైటింగ్‌లో అయిదు వచ్చింది. ఇంకో మూడు వారాల్లో మళ్లీ పరీక్ష. అప్పుడూ తప్పితే ఆ సీటు ఇంకొకరికి పోతుంది, అతను పుస్తకం చంకలో పెట్టుకుని మళ్లీ గుండీలు లెక్కపెట్టుకోవాలి.

మొదటిరోజు గది బయట చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. మిగతా విద్యార్థులందరూ బూట్లతోనే దూసుకొచ్చేవాళ్లు. ఈ ఒక్కడిలోనైనా గురుభక్తి మిగిలిందని నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది, చొక్కాలు మళ్లీ కుట్టించుకోవాల్సి వచ్చింది.

మొదటి అభ్యాసానికి ఒక ఊరి పటాలు రెండు ఇచ్చాను. అతను ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెబుతాను: “రెండో పటంలో పార్కు ఉండవలసిన చోట పొరపాటున ఆసుపత్రి పెట్టబడినది. నదికి ఒక వంతెనే ఉండాలి, రెండు కనిపిస్తున్నాయి. తూర్పున ఉన్న చెట్లు కనబడుట లేదు. దయచేసి అన్నీ యథాస్థానంలో పెట్టించవలెను.”

“మల్లేశ్ గారూ, ఏంటండీ ఇది? ఊరు పెరిగిందండీ. అది తప్పు కాదు.”

“ముందటి దాంట్ల లేనిది ఎనకటి దాంట్ల ఉంటే తప్పు కాదా సార్? మా డైరెక్టర్ చూస్తే నన్ను గుట్ట మీదికెళ్లి కిందికి తోస్తడు.”

“ఇక్కడ డైరెక్టర్ లేడండీ.”

“మరి గిన్ని మార్చినోడు ఎవడు?”

“ఎవడైతే మీకెందుకు?”

“పన్నెండేండ్లు గదే అడిగిన సార్ సెట్ల. గ్లాసు ఎవడు జరిపిండు, ఎందుకు జరిపిండు అని. అడగకుండ రాసుడంటే జర కష్టమే.”

రెండు వారాలు ఇదే యుద్ధం. నేను చూపించిన ప్రతి పటంలోనూ నేరస్తుణ్ని వెతికేవాడు. రేవు ఎవరు పూడ్చారు? మార్కెట్ తీసేసే ముందు చెప్పారా? నా తల మీద అంతకుముందు అడవి ఉండేది, ఆ పదిహేను రోజుల్లో అది మైదానమైంది. ఆ మార్పును కూడా రెండు పటాలు గీసి చూపించవచ్చు.

ఇక పరీక్షకు అయిదు రోజులుందనగా నా దగ్గరున్న పటాలన్నీ అయిపోయాయి. “మీకు బాగా తెలిసిన చోటు ఒకటి తీసుకోండి. అప్పుడూ ఇప్పుడూ ఎలా ఉందో మీరే గీయండి. తర్వాత రాయండి. ఒక్క ప్రశ్న కూడా వెయ్యకూడదు,” అన్నాను.

“ఒక్కటి గూడ?”

“ఒక్కటి కూడా.”

మర్నాడు తెచ్చాడు. మొదటి పటం 1982. కొలబద్దతో గీసినట్టుంది. మధ్యలో కూర్చున్న ఒంటెలాంటి బండ. దానికి పడమర బావి. బావి పక్కన ఆరు ఇళ్లు, ఒక మేకల దొడ్డి. రెండో పటంలో తారు రోడ్డు, కార్లు నిలిపే స్థలం, ఒక మేడ. పేర్లేమీ లేవు. నగరంలో ఏదో మూల అనుకున్నాను. ఎర్రపెన్ను పట్టుకుని యుద్ధానికి కూర్చున్నాను.

ఆ పెన్నుకు పనే దొరకలేదు.

“మొత్తం మీద ఈ ప్రాంతం రాళ్లగుట్ట నుంచి కట్టడాల ప్రాంతంగా మారింది. మధ్యలో ఉన్న పెద్ద బండను తొలగించి రోడ్డు వేశారు. బావిని పూడ్చి ఆ స్థలాన్ని కార్ల కోసం కేటాయించారు. బావికి దగ్గరగా ఉన్న చిన్న ఇంటి స్థానంలో మూడంతస్తుల మేడ వచ్చింది. ఒక వేపచెట్టు మాత్రం యథాతథంగా ఉంది.”

ప్రశ్న లేదు, ఫిర్యాదు లేదు. “అద్భుతమండీ! ఇదే, ఇలాగే రాయాలి! ఏడు బాండ్ రాసిచ్చేస్తాను,” అని ఎగిరాను. గది ఎత్తు తక్కువ కాబట్టి తల తగిలింది. తడుముకుంటూ అడిగాను, “ఇంతకీ ఎక్కడండీ ఈ చోటు?”

“గీడనే సార్.”

“ఇక్కడంటే? ఫిల్మ్ నగర్‌లోనా?”

అతను నా బల్ల కిందికి చూపించాడు. “గీడ. మీ కుర్చీ ఉన్నకాడ మా అమ్మ పొయ్యి ఉండె. ఆ బోర్డు ఉన్నకాడ నేను పండుకుంటుంటి.”

కిటికీలోంచి చూశాను. కార్ల పక్కన వేపచెట్టు ఉంది. నాలుగేళ్లుగా నా స్కూటర్ దాని నీడలోనే పెడుతున్నాను.

“ముందే చెప్పలేదేంటండీ?”

“మీరే వద్దన్నరు గద సార్. ఎవలు చేసిండ్రు, ఎందుకు చేసిండ్రు, ఎట్ల అనిపించింది, రాయొద్దని.”

పైన థియేటర్‌లో హీరోయిన్ ఒకే ఏడుపును మూడోసారి ఏడుస్తోంది. సరిగ్గా రాలేదేమో, మళ్లీ మొదలుపెట్టారు. మల్లేశ్ పటాలు మడిచి పుస్తకంలో పెట్టుకుని వెళ్లాడు. గుమ్మం బయట చెప్పులు వేసుకుంటుంటే అప్పుడు చూశాను. ఆ చెప్పులు గురువు కోసం విడిచినవి కావు. నా ఛాతీ తన పాత కొలతకు వచ్చేసింది.

అతనికి రైటింగ్‌లో ఏడు వచ్చింది. పరీక్షలో పటాలు వచ్చాయట, ఒక ద్వీపంలో హోటళ్లు కట్టిన సంగతి. మిఠాయి డబ్బా తెచ్చి ఆ మాట చెప్పాడు. “అలవాటైంది సార్, అల్కగ రాసిన,” అన్నాడు. నెలలోపే లండన్ వెళ్లిపోయాడు.

నేను ఆ తర్వాతా అదే పాఠం చెప్పాను. ఎవరు, ఎందుకు, ఎలా అనిపించింది, ఈ మూడూ రాయకండని ఇప్పటికీ చెబుతాను, ఎందుకంటే పరీక్షకు అదే సరైన పద్ధతి. కానీ పొడిగా, సూటిగా రాసిన జవాబు చేతికొస్తే, ఇతనికేమీ అనిపించలేదులే అనుకోవడం మాత్రం మానేశాను.

ఆ గదిలో ఉన్నన్నాళ్లూ చెప్పులు బయటే విడిచాను. విద్యార్థులు కారణం అడిగేవాళ్లు. ప్రశ్నలు వెయ్యకూడదని చెప్పేవాణ్ని.