గ్యాస్‌నూనె బావి

ఆ రోజుల్లో గుంటూరు వైపు నుంచి సికింద్రాబాదు వచ్చి ఉద్యోగంలో చేరిన ప్రతివాడికీ తెలుగు తనకే వచ్చునన్న నమ్మకం ఒకటి ఉండేది. నాకైతే మరీను. పోలీసు చర్య జరిగి అప్పటికింకా ఏడాది నిండలేదు. కొత్తగా వచ్చిన అధికారులకు ఇక్కడి ఉర్దూ తెలియదు, తెలుగు దరఖాస్తులు చదివే ఓపిక లేదు. వాటిని ఇంగ్లీషులోకి మార్చి వాళ్ల బల్ల మీద పెట్టడం నా పని. ఇరవై రెండేళ్ల వయసు, బోయిగూడలో ఒక గది, జేబులో రెండు కలాలు (ఒకటి రాయదు, అలంకారానికి). ఆ ఏడాది ఇక్కడి జనం బావుల్లోకి తొంగిచూడడానికి జంకుతున్నారన్న సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. గొడవల్లో కనిపించకుండా పోయినవాళ్లు చాలామంది. ఏ బావిలో ఏముందో, ఎవరున్నారో అన్న భయంతో ముఖం పక్కకు తిప్పుకొని నీళ్లు తోడుకునేవారు.

వానాకాలం మధ్యలో చిలకలగూడ నుంచి వేలిముద్ర వేసిన దరఖాస్తు ఒకటి వచ్చింది. ‘మా బావిల గ్యాస్‌నూనె వస్తున్నది, నీళ్లు తాగరాకుండ అయినయి, జెర మనిషిని పంపి చూపియ్యాలె’ అని దాని సారాంశం. గ్యాసుకూ నూనెకూ మధ్య ‘మరియు’ అన్న మాట పడిపోయిందనీ, పాపం రాసినవాడికి వ్యాకరణం రాదనీ జాలిపడి, ఆ మాటను నేనే ఉదారంగా చేర్చి ఇంగ్లీషులోకి మార్చాను. బావిలో గ్యాసూ నూనే రెండూ పడ్డాయని చదివిన మా అధికారి (ఇంట్లో కూడా టోపీ తీయడని ప్రతీతి, అందుకే చాటున టోపీదొర అనేవాళ్లం) కుర్చీలోంచి ఎగిరి లేచాడు. “ఏమయ్యా, ఇది దేశానికే అదృష్టం!” అన్నాడు. ఆ అదృష్టంలో నా వాటా ఎంతో అని నేను అప్పుడే ఆలోచనలో పడ్డాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఇద్దరం వెళ్లాం. రైలు పట్టాల వెనుక ఒక సందు, ఐదు ఇళ్లకు కలిపి ఒకే పాత రాతిబావి. వాడలో అందరూ ఖాలా అని పిలిచే ముసలామె మాకు ఎదురొచ్చింది. దరఖాస్తు ఆవిడదే. బావి చుట్టూ పిచ్చుక కూడా వాలలేదు. నీళ్ల మీద ఊదా, ఆకుపచ్చ రంగుల తెట్టు మెల్లగా కదులుతోంది. వాసన అచ్చం కిరసనాయిలు వాసనే. (భూమి తనంతట తానే శుద్ధిచేసి పంపుతోంది కాబోలు, ఇక మరలతో పనిలేదు అనుకున్నానే గాని, నా బుర్రకు ఇంకేమీ తట్టలేదు.) దొర ఒక దీపం తాడుకు కట్టించి లోపలికి దింపించాడు. సగం దూరం పోయాక, గాలి ఊసే లేని ఆ ఎండపూట, ఎవరో నోటితో ఊదినట్టు దీపం ఆరిపోయింది. అంతలో పట్టాల మీద గూడ్సుబండి కదిలింది. దాని వెంటే బావి లోపలినుంచి టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు వినిపించాయి. నేను రెండడుగులు వెనక్కి వేశాను. దొర మాత్రం “గ్యాసు ఒత్తిడి!” అని సంబరపడ్డాడు.

ఖాలా ముఖం పాలిపోయింది. “ఒత్తిడి కాదు సాబ్. మా ఆయన తలుపు గట్లనే కొడ్తుండె. మూడు సార్లు. వానలు షురూ అయినప్పటి సంది రోజు కొడ్తున్నడు” అంది.

ఆవిడ భర్త ఆ గొడవల రోజుల్లో పొద్దున బయటికి వెళ్లి మళ్లీ రాలేదట. ఆ మాట విన్నాక నాకు బావి వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు. దొర మాత్రం సాయంత్రానికల్లా హుకుం జారీచేశాడు. బావి చుట్టూ నూరడుగుల మేర పొయ్యి వెలిగించరాదు, బీడీ కాల్చరాదు. ఐదు ఇళ్లూ నాలుగు రోజుల్లో ఖాళీ చేయాలి, స్థలం సర్కారుకు చెందుతుంది. వాడ చుట్టూ సున్నంతో గీత కూడా గీయించాడు. మూడు రోజులు ఆ సందులో పొయ్యి రాజలేదు, జనం అటుకులు నానబెట్టుకొని తిన్నారు.

నాలుగో రోజు ఖాలా చేత సంతకం చేయించుకు రమ్మని దొర నన్ను ఒక్కడినే పంపాడు. ఆవిడ బావిగట్టు మీద కూర్చుని ఉంది.

“పోను బిడ్డా. నేను పోయినంక ఆయనొస్తే ఇల్లు యాడుందని ఎతుక్కుంటడు?”

“సర్కారు వేరే ఇల్లు చూపిస్తుందమ్మా. గ్యాసూ నూనే పడ్డ చోట మనుషులు ఉండకూడదు.”

“గ్యాసు ఏంది, నూనె ఏంది? నేను రాయించింది గ్యాస్‌నూనె! దీపంల పోస్తరే, గది!”

“కిరసనాయిలా?”

“గదేందో నాకు తెల్వదు. దుకాన్ల గ్యాస్‌నూనె అంటరు.”

నేను పెట్టిన ఒక్క ‘మరియు’ ఐదు ఇళ్లను వీధిన పడేయబోతోంది. కిరసనాయిలు భూమిలో ఊరదు, లోపల ఏదో ఉంది. పరుగున పక్కింటికి పోయి పాతాళగరిగె, అదే బావిలో పడ్డ బొక్కెనలు తీసే ముళ్ల కొక్కెం, తెచ్చాను. దాన్ని చప్పుడు వచ్చిన వైపు వదిలాను. ఏదో బరువైనది తగులుకుంది. అది మనిషే అయితే ఏం చేయాలన్నది తప్ప నా మనసులో వేరే ఆలోచన లేదు. కళ్లు మూసుకొని లాగాను. (దేవుణ్ణీ అల్లానూ ఇద్దరినీ తలుచుకున్నాను, ఈసారి ‘మరియు’ సరిగ్గానే పడింది.)

పైకి వచ్చినవి ఒకే తాడుకు కట్టిన రెండు రేకు డబ్బాలు. ఒకటి తుప్పుపట్టి కారుతోంది, రెండోది నిండుగా ఉంది. బావిగోడలో నీటికి పైన ఉన్న గూట్లో ఎవరో దాచారు. వానలకు నీళ్లు గూటిదాకా ఎక్కాక అవి తేలి, బండి కదిలినప్పుడల్లా రాతిని కొట్టుకుంటున్నాయి. మూతలకు గళ్ల తువ్వాలు పేలికలు చుట్టి ఉన్నాయి. ఖాలా ఆ పేలికను చాలాసేపు చేత్తో నిమిరింది.

“ఆయన తువ్వాలే. బయటి సామాను బందైనప్పుడు, గ్యాస్‌నూనె దొర్కక చీకట్ల కూసున్నమని రోజు లడాయి పెట్టుకుంటి. ఎత్తుకపోతరని ఈడ దాచిండు. నాకు చెప్పే యాళ్ల దొర్కలేదు.”

ఏడాదిపాటు ఆవిడ చీకట్లోనే గడిపింది. నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. లోపల ఉన్నవి డబ్బాలే, ఆయన కాదు. ఆవిడకు అది చాలు.

ఆఫీసుకు వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. దొర మొట్టమొదటిసారి టోపీ తీసి బల్లకేసి కొట్టాడు. ఇళ్లు నిలిచాయి, నా జీతం పెరగడం మాత్రం రెండేళ్లు ఆగింది. ఆ సాయంత్రం అటువైపు వెళితే ఖాలా గుమ్మంలో లాంతరు వెలుగుతోంది. నిండు డబ్బా ఉన్నన్నాళ్లూ, అది అయిపోయాక కొనుక్కొని మరీ, ఆవిడ ఆ లాంతరు ఆర్పలేదు. ఆయన రాలేదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఇంట్లో కరెంటు పోతే “జెర గ్యాస్‌నూనె దీపం పెట్టండ్రా” అంటాను. గుంటూరు తాతకు ఈ మాట ఎక్కడిదని మనవలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఎవరైనా తలుపు మూడుసార్లు తడితే మాత్రం, ఎంత పనిలో ఉన్నా నేనే లేచి వెళ్లి తీస్తాను.