ఆహ్వానించువారి బాక్సులో అమ్మ జాగా

మా చిన్నప్పుడు... హన్మకొండలో మా ఇంటి ముందుగదే మా ప్రెస్సు. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు... ఎక్కడ చూసినా ఆరబెట్టిన శుభలేఖలే. బాపు పోయాక ప్రెస్సును అమ్మే నడిపేది. సీసం అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి, కాలితో ట్రెడిల్ తొక్కి అచ్చు వేసేది.

శుభలేఖలో అన్నీ బాక్సులే. వధువుకొకటి, వరుడికొకటి, అడుగున 'ఆహ్వానించువారు' అని ఇంకొకటి. చుట్టూ సన్నని ఇత్తడి గీతలు. బాక్సులో పేరు సరిగ్గా నడుమకు రావాలంటే దానికి అటూ ఇటూ ఖాళీ సీసం ముక్కలు పెట్టి బిగించాలి. అవి అక్షరాల కంటే పొట్టిగా ఉంటాయి కాబట్టి సిరా అంటదు, కాగితం మీద కనిపించవు. కానీ అవి లేకపోతే బాక్సు వదులైపోయి, పైకెత్తగానే అక్షరాలన్నీ జలజలా రాలిపోతాయి.

అందరి అలకలూ ఆ అడుగు బాక్సు దగ్గరే... మా బావ పేరు పైన ఉండాలని ఒకరు, మా చిన్నాయన పేరు కింద ఎట్లా పెడతారని ఇంకొకరు. అమ్మ అందరికీ సర్ది చెప్పేది.

ఒక్క విషయంలో మాత్రం ఎవరికీ పేచీ ఉండేది కాదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది... భర్త పోయిన తల్లి పేరు ఆ బాక్సులో వేయకూడదట. అశుభమట. కని, పెంచి, సంబంధం కోసం ఊళ్లు తిరిగి, పెళ్లి కుదిర్చింది ఆమె... కార్డు మీద పిలిచేది మాత్రం ఎవరో మేనమామ. మరి ఆ కార్డులన్నీ పేర్చే చేతులు కూడా భర్త పోయిన మనిషివే కదా... వాటికి అశుభం అంటలేదు. బిడ్డల లగ్నపత్రికలు ఆ చేతుల్లోనే పెట్టి, మంచిగ కొట్టియ్యమ్మా అని చెప్పి పోయేవాళ్లు.

అట్లా వాళ్లు చెప్పినట్టే అమ్మ ఎందరు తల్లుల పేర్లు వదిలేసిందో...

మా అక్క పెళ్లి కుదిరింది. అమ్మ ఆ కార్డు తనే పేర్చింది, ఎవరినీ ముట్టనివ్వలేదు. 'ఆహ్వానించువారు' కింద మా పెద్దబాపు పేరు... బాపుకు అన్న కదా, పెద్దదిక్కు. దాని కింద రెండో వరుసలో తన పేరు పెట్టుకుంది. ప్రూఫ్ తీసి, నవ్వుకుంటూ గోడకు ఆనించి చూసుకుంది. అమ్మ పేరు అచ్చులో చూడటం నాకు అదే మొదటిసారి.

సాయంత్రం పెద్దబాపు వచ్చాడు. మా ఇళ్లలో తమ్ముడి భార్యతో బావగారు నేరుగా మాట్లాడరు. ఆమె ఎదురుగానే ఉన్నా పిల్లలతో చెప్పిస్తారు. ప్రూఫ్ చదివి నావైపు తిరిగాడు.

"బిడ్డా, మీ అమ్మకు చెప్పు. ఆమె పేరు తియ్యుమను. మగపెండ్లోళ్లు సూస్తె మంచిగుండది."

అమ్మ చేతికందే దూరంలోనే నిలబడి ఉంది. అన్నీ వింటూనే ఉంది. లోపలి నుంచి అక్క వచ్చి, "అమ్మ పేరు లేకుంటె నాకు కార్డే వద్దు పెద్దబాపు" అంది.

"నువ్వు ఊకో బిడ్డ... శుభమా అని పెండ్లి చేస్తాన్నం" అని లేచి వెళ్లిపోయాడు. ఎంత తేలిగ్గా అన్నాడో...

అమ్మ ఆ బాక్సు ముందు కూర్చుంది. చిన్న పట్టకారులాంటి చిమటా తీసుకుని తన పేరును ఒక్కో అక్షరం పీకి, ఎక్కడివి అక్కడ గూళ్లలో వేసింది. ఆ వరుస నిండా ఖాళీ సీసం ముక్కలు పెట్టి బిగించింది. అక్క ఏడుస్తూనే ఉంది. నాకైతే పెద్దబాపు మీద పట్టరాని కోపం వచ్చింది.

మర్నాడు కార్డులు తీసుకోవడానికి ఆయనే వచ్చాడు. ఒకటి చేతిలోకి తీసుకుని మొహం చిట్లించాడు.

"బిడ్డా, అచ్చుల జర గడబిడ అయినట్టున్నది. నా పేరు మీదికి పోయింది, కింద ఇంత జాగ ఉత్తగనే ఉన్నది. నడుమకు తెమ్మని చెప్పు మీ అమ్మకు."

నేను నోరు తెరిచేలోపే అమ్మ ఆయన మొహం చూసి నేరుగా మాట్లాడింది. నాకు తెలిసి అదే మొదటిసారి.

"గడబిడ ఏం గాలేదు బావా. పేరు తియ్యుమన్నరు, తీసిన. నా జాగ మాత్రం తియ్య."

ఆయన కార్డులు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఊరంతా అవే కార్డులు పంచారు. ఇక్కడేమన్న తప్పిపోయిందా అని అడిగిన చుట్టాలకు అక్క, అవును, మా అమ్మ పేరు అని చెప్పేది.

ఇప్పుడు సీసం లేదు, ట్రెడిల్ లేదు... కార్డులు ఫోన్లోనే చేస్తున్నారు. వేలితో తాకితే చాలు, పేర్లు వాటంతట అవే బాక్సు నడుమకు వచ్చేస్తున్నాయి. మొన్న హన్మకొండలోని సుబేదారి నుంచి అట్లాంటి కార్డే ఒకటి వచ్చింది. పెళ్లికూతురి తండ్రి పోయి చాలా ఏళ్లయింది, తల్లే చదివించింది. ఆహ్వానించేవాళ్లలో ఆమె లేదు... ఇంత చదువుకున్నాక కూడా సిగ్గు లేదు మనకు. ఇంకా ఘోరమేమిటంటే, మిగిలిన పేర్లన్నీ చక్కగా నడుమకు జరిగి కూర్చున్నాయి... ఒక మనిషి తక్కువైందని కార్డు చూసి ఎవరూ కనిపెట్టలేరు.

మీ ఇంట్లో పాత శుభలేఖలుంటే ఒకసారి తీసి చూడండి... ఉండాల్సిన ఏ తల్లి పేరైనా లేకపోతే ఇక్కడ కింద కామెంట్లో రాయండి. ముందుగా నేనే మా అమ్మ పేరు రాస్తున్నాను.

ఆహ్వానించువారు: శ్రీమతి కనకమ్మ.